కుమ్మరి మెట్లకు దారి

"నువ్వే అడుగు" అన్నాడు ముసలాయన, మెట్రో స్టేషన్ గోడకు ఆనుకుని నిలబడి. "నేనిక్కడే ఉంటా."

చికొండి వెళ్ళి, టికెట్ల దగ్గరున్న అమ్మాయిని కుమ్మరి మెట్లకు ఏ రైలెక్కాలని అడిగాడు. ఆ పేరు తానెప్పుడూ వినలేదందామె. నది ఒడ్డున పాత పేటల్లో ఎక్కడైనా ఉందేమో, అటు వెళ్ళి కనుక్కోమంది.

చికొండిది ఆఫ్రికాలోని మలావి. అక్కడి కాలేజీ వాళ్ళు ఏడాది చదువుకని చైనాలోని ఈ చొంగ్‌చింగ్ నగరానికి పంపారు. సెలవు రోజుల్లో ఏదో ఒక రైలెక్కి, తోచిన చోట దిగి, కాళ్ళు లాగేదాకా నడిచి వెనక్కి వచ్చేవాడు. ఊరు చూడాలన్న సరదా కాదు. గదిలో ఉంటే మంచం దిగబుద్ధి కాదు, అంతే. ఏం చూసినా లోపల ఏదీ కదిలేది కాదు.

ఆ రోజు స్టేషన్ గేటు దగ్గర ఈ ముసలాయన ఎదురుపడ్డాడు. పేరు తాన్ అన్నాడు. చైనా భాష వచ్చా అని అడిగి, కొంచెం వచ్చనగానే, కుమ్మరి మెట్లనే మెట్ల వీధికి తోడు రమ్మన్నాడు. తాను పుట్టి పెరిగింది ఇక్కడేననీ, ఊరు దాటి ఎన్నడూ పోలేదనీ తానే చెప్పుకున్నాడు. అలాంటివాడికి దారి తెలియకపోవడమేమిటి? చికొండికి అర్థమైపోయింది. విదేశీ పిల్లలు కనిపిస్తే మాట్లాడించి, భాష పరీక్షించడం ఇక్కడి పెద్దవాళ్ళకు కాలక్షేపం. కానిమ్మనుకున్నాడు. తనకు మాత్రం వేరే పనేముంది?

రైల్లో తాన్ కిటికీకి ముఖం ఆనించి కూర్చున్నాడు. ఆ వంతెన పేరేమిటి, ఈ మేడలు ఏమిటి అని ఒకటే ప్రశ్నలు. చికొండి తెలిసింది చెప్పాడు, తెలియనిది తెలియదన్నాడు. ముసలాయన తలూపాడే తప్ప ఒక్క తప్పూ దిద్దలేదు.

రైలు దిగాక నూడుల్స్ కొట్టుకు వెళ్ళారు. అద్దాల తలుపు ముందు తాన్ ఆగిపోయాడు. చికొండి తెరిచేదాకా కదల్లేదు. మర్యాద కాబోలు అనుకున్నాడు చికొండి. అతను కారం కలుపుకునేలోపే ముసలాయన గిన్నె ఖాళీ చేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. లేచేటప్పుడు జేబులోంచి నోటు తీస్తే కొట్టావిడ నవ్వింది.

"ఇంకా ఈ కాగితాలేంటి తాతా? చిల్లర నేనెక్కడ తెచ్చేది? ఫోను చూపించు."

చికొండి తన ఫోను చూపించి డబ్బు కట్టాడు. మంచి మనవణ్ణే పట్టావని ఆవిడ ముసలాయన్ను ఎగతాళి చేసింది.

బయట పొగమంచు ఇంకా విడలేదు. అడుగుతూ, ఎక్కుతూ, దిగుతూ నది పక్కకు చేరారు. ఒక మలుపులో నారింజపళ్ళ బుట్టలు దించుకుని ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. ఆమెను చూడగానే తాన్ గిరుక్కున తిరిగి, నది వైపు రెయిలింగు పట్టుకుని నిలబడ్డాడు.

"ఆమెకు తెలుస్తుంది. మెట్లెక్కడో అడుగు. అక్కడ ఊరగాయలమ్మే లువో అవ్వ ఎక్కడుందో కూడా అడుగు."

పెద్దావిడ ఈ ఊరి యాసలో గడగడా చెప్పుకుపోయింది. చికొండి మళ్ళీ చెప్పించుకున్నాడు. తిరిగి వస్తూ వాక్యాలు మనసులో పేర్చుకుని, పాఠం ఒప్పజెప్పినట్టు ముసలాయనకు ఒప్పజెప్పాడు.

"కుమ్మరి మెట్లు ఇప్పుడు లేవు. అవి కొట్టేసి, ఆ జాగాలో మన వెనకున్న ఈ పెద్ద మేడ కట్టారు. లువో అవ్వ కిందటి చలికాలం చనిపోయింది. సొంతవాళ్ళెవరూ రాలేదు. పక్కింటివాళ్ళే దహనం చేయించారు." ముగించి, "తప్పులున్నాయా?" అని అడిగాడు.

"లేవు" అన్నాడు తాన్. "బాగా చెప్పావు."

కింద మంచులో ఎక్కడో పడవ కూత వేసింది. ముసలాయన రెయిలింగు వదల్లేదు. ఎవరికీ చెప్పని మాట చికొండి నోట ఎందుకొచ్చిందో అతనికే తెలియదు.

"మా అమ్మ కూడా పోయింది, పోయిన నెల్లో. వచ్చేదాకా ఆగలేమన్నారు. మట్టి చేయడం ఫోన్లో చూశాను."

"ఏడుపొచ్చిందా?"

"రాలేదు. ఇప్పటికీ రావట్లేదు."

"నాకూ రావట్లేదు" అన్నాడు తాన్. "లువో మా అమ్మ."

చికొండికీ తల్లికీ మధ్య ఒక సముద్రం ఉంది. ఈయనకు అడ్డమేముంది? ఎన్నాళ్ళ తర్వాతో అతనికి లోపల ఏదో కదిలింది. అది కోపం.

"ఊళ్ళోనే ఉన్నారు కదా తాతా. ఒక్కసారి వచ్చి చూడలేకపోయారా?"

తాన్ అతని వైపు తిరిగాడు.

"నన్ను జైల్లోంచి నిన్ననే వదిలారు."