ఎనిమిది చెప్పులు

మార్చి పన్నెండో తేదీ, బుధవారం. మధ్యాహ్నం రాగి సంగటి, నంజుకోవడానికి చెనిక్కాయల ఊరిబిండి. ఐశ్వర్యకు తేదీ, తిండి కలిపే గుర్తున్నాయి. సంగటి ఒక ముద్ద ఎక్కువ తిన్నందుకు కునుకు పట్టింది. కునుకు పట్టినందుకు ఆలస్యమైంది. ఆలస్యమై పరుగెత్తినందుకు గేటు దగ్గరే చెప్పు తెగింది. వెనక్కి వచ్చి, మెట్టు మీదున్న పాత జత తొడుక్కుని, తెగిన జతను సంచిలో కుక్కుకుని బస్సెక్కింది.

తిరుపతిలో కోచింగ్ క్లాసు సగంలో ఉండగా తన కాళ్ల వైపు చూసుకుంది.

"అమలా, కొంప మునిగింది. పాత చెప్పులు తొడుక్కొని వచ్చేసినా!"

పక్కనున్న అమల నోరు నొక్కుకుంది. "చెప్పులకు ఇంత ఏడుపా?"

"మా యింట్లో అవి చెప్పులు కాదే, రైలు చక్రాలు."

నిజమే. తాత మునస్వామి పుత్తూరు వైపు ఒక చిన్న స్టేషన్లో మాస్టరుగా చేసి రిటైరైనాడు. పట్టాల పక్కనుండే లెక్కల పెట్టె గురించి ఆయన చెప్పని రోజు లేదు. "ఆ పెట్టె రైలును చూడదు పాపా. ఈ స్టేషన్లో ఎన్ని ఇరుసులు లోపలికి పోయినాయి, ఆ స్టేషన్లో ఎన్ని బయటికొచ్చినాయి, అంతే. సరిపోతే లైను ఖాళీ. ఒక్కటి తగ్గినా ఎర్ర దీపమే."

"పెట్టె ఎప్పుడూ తప్పు పోదా తాతా?"

"పోతాది. అప్పుడు మనిషి పోయి కళ్లారా చూసి, తన పూచీ మీద రీసెట్ చెయ్యాల. నా సర్వీసులో రెండే సార్లు."

రిటైరయ్యాక ఆ పెట్టె పని తనే చేస్తున్నాడు. రోజూ రాత్రి ఎనిమిదింటికి మెట్టు మీది చెప్పులు లెక్కపెట్టి, ఇంట్లో అందరూ ఉన్నట్టు తేల్చి, తలుపు వేస్తాడు. అవ్వ అలివేలమ్మ ఉన్నప్పుడు లెక్క పది. ఆమె పోయి రెండేళ్లయింది. ఆమె చెప్పులను గుడ్డలో చుట్టి, తన పచ్చ జెండాతో పాటు ట్రంకు పెట్టెలో దాచుకున్నాడు. ఆ పెట్టెను ఎవరూ తాకకూడదు. ఇప్పుడు లెక్క ఎనిమిది.

నాన్న బాలచంద్ర, అమ్మ పంకజాక్షి గుడి దగ్గర ఫ్యాన్సీ అంగడి మూసి ఎనిమిదికి వస్తారు. ఐశ్వర్య మేడ మీద బ్యాంకు పరీక్షకు చదువుతోందని వాళ్ల నమ్మకం. ఆమె చదువుతున్నది రైలింజను నడిపే ఉద్యోగానికి. "ఆడపిల్లకు ఇంజనేంది? ఇంకోసారి ఆ మాటెత్తితే పుస్తకాలు పొయ్యిలో పెడతా" అని నాన్న ఒకసారి అననే అన్నాడు. అందుకే రోజూ పాత జతను మెట్టు మీద వదిలి, మంచి జత వేసుకుని వచ్చేది. మోకాళ్ల నొప్పులతో తాత మేడెక్కడు. పరీక్ష ఆదివారమే.

"మీ తాతకు ఫోన్ కొట్టి, ఈ ఒక్కరోజు ఎనిమిదని చెప్పమను" అంది అమల.

"ఆయనా? చిన్నప్పుడు మా నాయన బడి గోడ దూకి సినిమాకు పోతే, సొంత కొడుకని కూడా చూడకుండా హెడ్మాస్టరుకు పట్టిచ్చినాడు. తప్పు లెక్క ఆయన నోట్లో పలకదు."

క్లాసు వదిలేసరికి ఏడున్నర. ఆటో పట్టుకుని తిరుచానూరు చేరేసరికి ఎనిమిది దాటింది. చెప్పులు చేత్తో పట్టుకుని వెనక వాకిలి నుంచి తాత గదిలోకి దూరింది. మంచం కింద ఉండాల్సిన ట్రంకు పెట్టె దారికి అడ్డంగా ఉంది. కాలి వేలికి తగిలింది. అరుపు మింగేసి మేడమెట్ల కింద నక్కింది.

ముందు గదిలో నాన్న గొంతు. "నాయనా, ఐసు ఇంట్లోనే ఉండాదా? తిరుపతి బస్టాండుకాడ చూసినానని ఒకాయన చెప్పినాడు."

"నన్నడిగితే ఏం లాభంరా? మెట్టునడుగు." తాత లెక్క మొదలైంది. "రెండు... నాలుగు... ఆరు..."

ఐశ్వర్య కళ్లు మూసుకుంది. ఆదివారం పరీక్ష పొయ్యిలో పడ్డట్టే.

తాత గొంతు ఒక్క క్షణం ఆగింది.

"ఎనిమిది. లైన్ క్లియర్."

"వాకిట్లో బల్బు ఎందుకార్పినావు నాయనా?"

"పురుగులొస్తా ఉండాయప్పా. అనుమానముంటే నువ్వే లెక్కపెట్టుకో."

నాన్న కుర్చీలోంచి మెడ చాచి చీకట్లోకి చూశాడు. "ఎనిమిదే. ఆయనెవరో కండ్లు సరిగా కనపడనోడు" అని కంచం ముందు కూర్చున్నాడు.

ఐశ్వర్యకు ఊపిరి తిరిగొచ్చింది. ఆ వెంటనే మనసు చివుక్కుమంది. ఉన్నవి ఆరు. ఎన్నడూ లెక్క తప్పని మనిషి ఆరును ఎనిమిది అన్నాడు. తాతకు వయసు మీద పడింది. ఆయన కళ్ల మసకలో తను గట్టెక్కింది.

అన్నాలయ్యాక నాన్న, అమ్మ పడుకున్నారు. తాత తలుపు దగ్గరికి నడిచాడు. ఐశ్వర్య వెనకే వెళ్లింది. తప్పు ఒప్పుకుందామనుకుంది. మాట వేరే వచ్చింది.

"తాతా, నీ సర్వీసులో రీసెట్లు రెండే కదా?"

"ఇయ్యాల్టితో మూడు" అన్నాడు మునస్వామి. "ఆదివారం పరీక్ష బాగా రాయి పాపా. పెన్నులు రెండు పెట్టుకో."

ఐశ్వర్య వాకిట్లోకి తొంగి చూసింది. వీధిలో పోతున్న ఆటో వెలుగు ఒక్కసారి మెట్టు మీద పడింది. నాన్నవి, అమ్మవి, తాతవి, వాటి పక్కన ఒద్దికగా ఇంకో జత. తాత తలుపును చప్పుడు కాకుండా దగ్గరికి వేసి గడియ పెట్టాడు.

ఆ నాలుగో జత అలివేలమ్మది.