నల్ల తెర మీద తెల్ల గీత

"అమ్మా, నా ప్రాణం తియ్యకు. సాయంత్రం దీన్ని పాతసామానుకు వేసేద్దాం," అంది కూతురు.

"పన్నెండేళ్లు పనిచేసింది. కొత్త విండోస్ దీనికి ఎక్కదంటే లైనక్స్ వేసుకుంటాను," అంది తల్లి, కంప్యూటర్‌కు పెన్‌డ్రైవ్ గుచ్చుతూ. రిపేరు షాపు అమ్మాయి రాసిచ్చిన కాగితం కీబోర్డు పక్కనే పెట్టుకుంది.

"అది కోడింగ్ వచ్చినవాళ్లకమ్మా."

"మిక్సీ తిప్పడానికి ఇంజనీరింగ్ చదివానా?"

కాగితంలో ఉన్నదున్నట్టు చేసుకుంటూ పోయింది. ఫోటోలన్నీ ముందే వేరేచోట దాచుకుంది. అయినా, ఉన్నదంతా తుడిచెయ్యాలా అని తెర అడిగినప్పుడు కాగితం ఇంకోసారి చూసుకుంది. కళ్లు మూసుకుని సరేనని నొక్కింది. గంట తిరిగేసరికి తెర కొత్త రంగులో వెలిగింది. అంతా బాగానే ఉంది, వైఫై తప్ప.

"చెప్పానా?" అంది కూతురు.

కాగితం అడుగున పెన్నుతో రాసిన ముక్క ఒకటుంది. వైఫై రాకపోతే టెర్మినల్ తెరిచి ఈ వరుస కొట్టండి.

తెరిచింది. నల్లటి తెర. మూలన ఆరుతూ వెలుగుతూ చిన్న తెల్ల గీత.

"దాని జోలికెళ్లకు. ఒక్క అక్షరం తప్పితే మొత్తం పోతుంది."

తల్లి వినిపించుకోలేదు. కీబోర్డు వంక చూడకుండానే టకటకా కొట్టేసింది. వైఫై వచ్చింది. ఆమె మాత్రం ఆ నల్ల తెరను మూయలేదు. దాన్నే చూస్తూ ఉండిపోయింది.

"ఏమైందమ్మా?"

"స్టేషన్లో టికెట్ల ఆఫీసులో చేసేటప్పుడు మాకివే తెరలు. రంగుల్లేవు, బొమ్మల్లేవు. కోడింగ్ ఎవరికి తెలుసు? నేర్పింది కొట్టేవాళ్లం." ఆమె గొంతు తగ్గింది. "ఒక్కోసారి మధ్యాహ్నం పని మధ్యలో, తెర అడుగున ఒక వరుస వచ్చేది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. 'నీళ్లు తాగారా' అని. ఇంకోరోజు 'పొద్దుట్నుంచీ నవ్వలేదేం' అని. ఎదురుగా జనం బారులు తీరి ఉండేవాళ్లు. నవ్వాపుకోలేక చచ్చేదాన్ని."

కూతురు కుర్చీ దగ్గరకు లాక్కుంది. "నాన్నేనా?"

తల్లి వరండా వైపు చూసింది. ఆయన పేపర్లో తలదూర్చి ఉన్నాడు.

"కాదే. మీ నాన్నది పార్సిళ్ల గది. అక్కడ కంప్యూటరే లేదు. ఇది మూడో కౌంటరాయన. మధ్యలో అడ్డుచెక్కలు, మనిషి కనపడడు; కానీ వరుస ముందు ఆ నంబరే పడేది. నేనెప్పుడూ జవాబివ్వలేదు. ఆయనకి బదిలీ అయ్యాక ఆ వరుస మళ్లీ రాలేదు. తర్వాత మీ నాన్న ఇంటికొచ్చి అడిగారు, సరేనన్నాను. ఇన్నేళ్లలో ఈ మాట ఎవరితోనూ అనలేదు."

వరండాలో పేపరు మడిచిన చప్పుడైంది.

"మూడో కౌంటరాయన భోజనానికి వెళ్తే గంటదాకా వచ్చేవాడు కాదు," అన్నాడాయన లోపలికి రాకుండానే. "ఆ గంటా ఆ కుర్చీలో కూర్చుంది నేనే."