సరంగు పోలరాజు ఇంజన్

"గేరుపెట్టె విప్పు. నా కళ్ళముందే విప్పు!" అన్నాడు సత్యదేవ్, షెడ్డు గుమ్మంలో నిలబడే.

లోవరాజు చేతిలో స్పానర్ అలాగే ఆగిపోయింది. కిరసనాయిల్లో నానబెట్టి, తుప్పు గీకి, బిగుసుకున్న పిస్టన్ కదిలించి, ఇన్నాళ్ళూ పసిపిల్లకు నలుగు పెట్టినట్టు బాగుచేసిన పాత లాంచీ ఇంజన్ అది. గేరుపెట్టె ఒక్కటే ఇంకా విప్పలేదు. దాన్ని తెచ్చిచ్చిన సత్యదేవ్ మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టిన పెద్దమనిషి, ముచ్చటపడి ఆఫీసులో అలంకారానికి పెట్టుకుంటాడు కాబోలు అనుకున్నాడు పాపం.

"విప్పుతాను సార్. దానికంత కోపం దేనికి?"

"ఇది ఏ లాంచీదో తెలుసా? గోదావరిలో వంతెన స్తంభాన్ని గుద్ది మునిగిపోయిన లాంచీది. ఇసుక తవ్వేవాళ్ళకి దొరికితే కొన్నాను. అందులోనే మా అమ్మ శేషారత్నం పోయింది. నడిపిన సరంగు పోలరాజు. ఎవడో చెప్పనా? మీ నాన్న!"

ఆ కేకకి పక్కషాపు మేస్త్రీ బ్రహ్మచారి తన లేత్ మిషన్ ఆపేసి పరుగెత్తుకొచ్చాడు. రెజిమెంటల్ బజార్‌లో గొడవంటే చూడ్డానికి జనానికేం తక్కువ? గుమ్మం నిండిపోయింది.

"మా నాన్న రివర్స్ గేరు లాగాడు," అన్నాడు లోవరాజు. "ఇంజనే మాట వినలేదు. చచ్చేదాకా అదే చెప్పాడు."

"తాగి తూలుతున్నాడని ఊరు ఊరంతా చెప్పింది. అది తేల్చడానికే వెతుక్కుంటూ నీ దగ్గరికి తెచ్చాను. ఈ ఊళ్ళో వేరే మెకానిక్కులు లేకనా? గేరు వెనక్కి పడి ఉంటే నీ కాళ్ళు పట్టుకుంటా. ముందుకే ఉంటే మాత్రం, మా ఆఫీసు వాకిట్లో దీన్ని నిలబెట్టి, తాగి జనాన్ని ముంచిన పోలరాజు ఇంజన్ అని ఇత్తడి పలక కొట్టిస్తా. వచ్చేపోయే ప్రతివాడూ చదవాలి."

లోవరాజుకి ఒళ్ళు మండిపోయింది. "కాళ్ళు పట్టుకోడానికి రెడీగా ఉండండి!" అంటూ బోల్టులు విప్పడం మొదలెట్టాడు. ఆ ఊపులో ఒక బోల్టు తల విరిగి ఎగిరిపడింది. ఆఖరికి మూత లేచింది.

బ్రహ్మచారి టార్చి వేసి తొంగిచూశాడు. టార్చి అటూ ఇటూ తిప్పి మళ్ళీ చూశాడు.

"చెప్పు బ్రహ్మన్నా, వెనక్కే కదూ?"

"నువ్వే సూడు లోవన్నా. గేరు ముందుకే ఉంది. తుప్పువట్టి గట్లనే బిగుసుకపోయింది. ఎవ్వలు కదిపింది సుత గాదు."

సత్యదేవ్ జేబులోంచి సెల్‌ఫోన్ తీశాడు. ఇత్తడి పలకలు చేసేవాడికే కాబోలు!

"ఆగండి!" అని అడ్డం పడ్డాడు లోవరాజు. "ఇది మా నాన్న ఇంజనే అని ఏంటి రుజువు? నంబరు పలక ఊడిపోయింది. గోదావరిలో మునిగిన లాంచీ ఇదొక్కటేనా?"

"ఆడలేక మద్దెల ఓడు!"

"అయితే మా అమ్మనే పిలిపిస్తా. ఇంజన్ బిగించేరోజు సరంగు పెళ్ళాం కాలి మెట్టె ఒకటి తీసి, ఇంజన్ పాదం అడుగున గుంటలో పెట్టి, గుగ్గిలంతో మూసేస్తుంది. మొగుణ్ణి చల్లగా చూడమని గంగమ్మకు మొక్కు. మా రేవు ఆనవాయితీ. మెట్టె ఉంటే మా నాన్న ఇంజనే, మీ ఇష్టమొచ్చినట్టు రాయించుకోండి."

సత్యదేవ్ సెల్‌ఫోన్ మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. "నేనూ ఆ రేవువాణ్ణే. ఆ మెట్టె పెట్టిన చెయ్యి తప్ప ఇంకో చెయ్యి ముట్టకూడదనీ తెలుసు, దానిమీద ఏ ఆడదీ అబద్ధమాడదనీ తెలుసు. పిలిపించు."

బ్రహ్మచారి స్కూటరేసుకుని సీతాఫల్‌మండి వెళ్ళి లోవరాజు తల్లి అప్పలకొండమ్మను ఎక్కించుకొచ్చాడు. ఆవిడకి దారిలోనే అంతా తెలిసినట్టుంది. వస్తూనే సత్యదేవ్‌ని ఎగాదిగా చూసింది.

"అచ్చం మీ అమ్మ పోలికే బాబూ," అంది.

"మా అమ్మ సంగతి నీ నోట వద్దు. చూసి చెప్పు."

అప్పలకొండమ్మ మారుమాట్లాడకుండా స్క్రూడ్రైవర్ అందుకుని గచ్చుమీద చతికిలబడింది. దిమ్మలమీదున్న ఇంజన్ కిందికి భుజందాకా చెయ్యి దూర్చి, కళ్ళు మూసుకుని, ఎంతసేపో గీకింది. నల్లటి మడ్డి రాలింది. లోవరాజు కళ్ళు ఆవిడ మొహంమీదే ఉన్నాయి. తల్లి నోట ఒక్క మాట వస్తే చాలు, చచ్చిపోయిన తండ్రి ఇత్తడి పలకెక్కి వీధిన పడతాడు.

ఆవిడ చెయ్యి బయటికి తీసి కొంగులో తుడుచుకుంది.

"నేదు బాబూ. ఉత్త గుంటే ఉంది. ఇది మా ఇంజను కాదు."

"ఒట్టా?"

"మా ఆయన తొడిగిన మెట్టె మీదొట్టు."

సత్యదేవ్ మొహం నల్లబడింది. ఏళ్ళ తరబడి మోసుకొచ్చిన పగని ఎక్కడ దించాలో తెలియక, ఇంజన్ని బూటుకాలితో ఒక్క తన్ను తన్నాడు. "కోసి పాతసామాన్లవాడికి పారెయ్!" అంటూ విసురుగా వెళ్ళి కారెక్కాడు. తమాషా అయిపోయిందని జనమూ చెదిరిపోయారు.

"హమ్మయ్య! చూశావా అమ్మా!" చిన్నపిల్లాడిలా గంతేశాడు లోవరాజు. "నాన్న గేరు లాగాడని నేను మొదట్నించీ చెప్పడంలా? ఆయన ఇంజను ఇంకా గోదాట్లోనే ఉంది. ఎప్పటికైనా తీయించి, బాగుచేసి, వాడి ఆఫీసు ముందే పెడతా. గేరు చూసి వాడే సిగ్గుతో చావాలి!"

"ఒద్దురా నాయనా. గోదాట్లోది గోదాట్లోనే ఉండనీ."

"అదేంటమ్మా! సరే, ముందు చేతులు కడుక్కో, నిండా మడ్డి," అంటూ బకెట్టు, సబ్బు తెచ్చాడు. అప్పలకొండమ్మ ఎడమచెయ్యి ఒక్కటే ముందుకు చాపింది.

"ఆ రెండోది కూడా ఇవ్వవే!" అని నవ్వుతూ తనే తల్లి కుడిచెయ్యి లాక్కుని, బిగించిన గుప్పిట విప్పదీశాడు. గుగ్గిలం అంటుకున్న వెండి మెట్టె జారి ఠంగున గచ్చుమీద పడింది.