తాళం తిప్పేవాడు

"ఈ కారుకు మీ అన్నయ్య చెయ్యి పడాలయ్యా, నీవల్ల ఎక్కడవుతుంది?" అని నవ్వుతూనే కారు వదిలి వెళ్లింది టీచరమ్మ. అన్నయ్య పోయి ఏడాదయినా ఆ మాట తమ్ముడికి పుండు మీద కారంలాగే ఉంది. తెల్లారేలోగా తనే బాగుచేసి చూపించాలని షెడ్డులో ఒక్కడే ఉండిపోయాడు.

తాళం తిప్పితే టిక్కుమంది, అంతే. లైట్లు మాత్రం తగ్గలేదు. బ్యాటరీ బాగానే ఉంది, స్టార్టర్ మోటారే పట్టేసింది. అన్నయ్యయితే గోడ మేకుకు వేలాడే పానా తీసుకుని కింద దూరి, మోటారు మీద మూడు దెబ్బలు వేసి, "తిప్పరా చిన్నోడా" అనేవాడు. తిప్పడం ఎప్పుడూ తమ్ముడి వంతు. పేరు అన్నయ్యది.

మళ్లీ తిప్పాడు. కింద నుంచి టంగ్, టంగ్, టంగ్. ఇంజన్ అందుకుంది.

భయం కన్నా ముందు కడుపుమంట వచ్చింది. "పోయాక కూడా నీకే పేరా అన్నయ్యా," అంటూ ఆపేశాడు. తాళం జేబులో వేసుకుని, మోటారు తనే విప్పుదామని గోడ దగ్గరికి నడిచాడు. మేకు ఖాళీగా ఉంది.

వెనక, కారు కింద, మళ్లీ మూడు దెబ్బలు. తర్వాత ఓపికగా ఎదురుచూస్తున్నట్టు నిశ్శబ్దం.

చిన్నోడి చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్లింది.