నాన్న వంకర గీతలు

నాన్న నాలుగింటికి గ్రంథాలయానికి బయల్దేరాడు. గేటు మూసిన చప్పుడు వినగానే కూతురు ముందుగది కిటికీ దగ్గరున్న బల్ల ముందు కూర్చుంది. సొంత ఇంట్లోనే దొంగతనానికి దిగినట్టుంది ఆమెకు.

బల్ల మీద ఇసుక నింపిన తోలు దిండు, దాని మీద రాగి రేకు. రేకు మీద పొద్దున నాన్న చెక్కిన తీగ. ఒక ఆకు అంచు దగ్గర ఉలి వణికింది. గీత రంపపు పళ్లలా వచ్చింది. ఆమె భూతద్దం పెట్టుకుని, అదే గీతలో మళ్లీ ఉలి నడిపి, కాస్త లోతు చేసి, కాస్త వెడల్పు చేసి, ఆ వణుకు కనపడకుండా చేసింది. అరగంట పట్టింది. రాగి రజను తుడిచి, ఉలిని ఎక్కడ ఎలా ఉందో అక్కడ అలాగే పెట్టేసింది.

పద్నాలుగేళ్ల క్రితం వరకూ నాన్నకు నగిషీ దుకాణం ఉండేది. ఉంగరాల మీద, గడియారాల మూతల మీద, బహుమతి కప్పుల మీద చేత్తో పేర్లు చెక్కేవాడు. కూతురికీ పని నేర్పాడు. నగిషీలో వంపు తిప్పాలంటే ఉలి పట్టిన చెయ్యి కదలకూడదు, కిందున్న దిండు తిరగాలి. ఆ రోజు ఆమె చెక్కుతుంటే దిండు తిప్పుతున్నది నాన్నే. ఆయన సరే అనకముందే తొందరపడి ఆమె ఉలి తోసింది. అది జారి ఆయన కుడి బొటనవేలి మొదట్లో దిగింది. ఏడు కుట్లు పడ్డాయి.

కట్టు విప్పేసరికి పేర్లు చెక్కే మిషన్లొచ్చేశాయి. దుకాణం మూతపడింది. నాన్న ఒక గోదాములో గుమాస్తాగా చేరాడు. తప్పంతా మిషన్లదేనని ఇంట్లో అందరూ అన్నారు. ఆమె మాత్రం నమ్మలేదు. మళ్లీ ఉలి ముట్టలేదు. ముట్టమని నాన్న రెండు మూడుసార్లు అడిగితే తలనొప్పని వంక పెట్టి తప్పించుకుంది. తర్వాత ఆయన అడగడం మానేశాడు. ఆమె బళ్లో లెక్కలు చెప్పుకుంటూ స్థిరపడింది.

ఈ ఏడాది రిటైరయ్యాక నాన్న అటక మీంచి పాత పెట్టె దింపాడు. ఊరికే కాలక్షేపానికి అన్నాడు. మొదటి వారమంతా నిలువు గీతలు గీశాడు. ఒక్కటంటే ఒక్కటీ నిటారుగా రాలేదు. చొక్కా గుండీలు పెట్టుకునే చెయ్యి వేరు, రాగి మీద గీత లాగే చెయ్యి వేరు. ఆయన రేకును కిటికీ వెలుగులో పట్టుకుని చాలాసేపు చూసి పక్కన పెట్టాడు. ఆ చూపు భరించలేకే కూతురు ఆ సాయంత్రం ఉలి పట్టుకుంది. ఆమె చేతికీ తుప్పు పట్టింది మరి, మూడు గీతలు సరిచేయడానికి రెండు సాయంత్రాలు పట్టింది.

ఆ మర్నాడు భోజనాల దగ్గర నాన్న తన చెయ్యి దారికొస్తోందని అమ్మతో చెప్పాడు. అమ్మ మురిసిపోయింది.

అప్పట్నుంచి అదే తంతు. గీతల తర్వాత వంపులు, ఆ తర్వాత ఆకులు, ఆ తర్వాత అక్షరాలు. పొద్దున ఆయన పాడుచెయ్యడం, సాయంత్రం ఆమె బాగుచెయ్యడం. రేపట్నుంచి మానేయాలని రోజూ అనుకునేది. రోజూ నాలుగయ్యేది. నోటితో ఆడిన అబద్ధాన్ని ఎప్పుడో ఒకప్పుడు మర్చిపోతారు గానీ, రాగి మీద చెక్కినదాన్ని ఏం చెయ్యాలో ఆమెకు తోచలేదు.

నాలుగో నెలలో కొంప మునిగింది. చేతిపనివాళ్ల సంఘం వాళ్లు నాన్న రేకులు చూసి, తమ ప్రదర్శనలో జనం ముందు కూర్చుని చెక్కి చూపించమన్నారు. ఆయన ఇంట్లో మాటమాత్రమైనా అనకుండా ఒప్పేసుకున్నాడు. కొత్త చొక్కా కూడా కుట్టించుకున్నాడు. కూతురికి నిద్ర పట్టడం మానేసింది. అంతమందిలో ఆ ఉలి వణికితే ఆయన మళ్లీ తలెత్తుకోగలడా? అప్పుడు తను ఆయన చెయ్యి కోసింది, ఇప్పుడు పరువు కోయబోతోంది.

చెప్పాలనుకుంటూనే రోజులు గడిపేసింది. చివరికి ప్రదర్శన రోజు, హాల్లో ఆయన బల్ల ముందు కూర్చుని కళ్లజోడు తుడుచుకుంటుంటే, ఇక ఆగలేక పక్కనే కూలబడింది.

"నాన్నా, లే. ఇంటికెళ్లిపోదాం."

"ఏమైందే అమ్మడూ?"

"అవి నువ్వు చెక్కినవి కావు. నువ్వు బయటికెళ్లాక నేను దిద్దుతున్నాను, అన్నీ. నీ చెయ్యి బాగవలేదు నాన్నా. నేనే పాడుచేశాను."

జనం ఒక్కొక్కరే బల్ల చుట్టూ చేరుతున్నారు. కోప్పడినా బాగుండునని ఆమె అనుకుంది. నాన్న కోప్పడలేదు, ఉలి అందుకున్నాడు. ఆమె ఆపబోయింది గానీ ఆయన అప్పటికే రేకు మీదికి వంగాడు.

ఆ కుడిచేత్తోనే రేకు ఈ చివరి నుంచి ఆ చివరికి వెంట్రుకవాసి వంకరైనా లేని గీత ఒకటి లాగి, లేచి కుర్చీ ఆమె వైపు జరుపుతూ, "వారం వారం నువ్వు దిద్దగలిగినంత తప్పే చెయ్యడానికి నా తలప్రాణం తోకకొచ్చింది, ఇక నువ్వు కూర్చుని చెక్కు," అన్నాడు నాన్న.