అయ్యగారి గురిగి

"నీ దేవుడు నీకు పెట్టేది యాడా కనపడ్ల్యా. నువ్వే ఆయనకు పెడ్తాండావు," అంది గోడ అవతల నుంచి ఎల్లమ్మ.

సారమ్మ పొయ్యిలో పుల్ల ఎగదోసింది. పొయ్యి మీద చెంచలాకు ఉడుకుతోంది. నులకమంచం మీద నాలుగేళ్ల కూతురు రూతమ్మ కళ్లు మూసుకుని పడి ఉంది. ఆకు నోట్లో పెడితే కక్కేస్తోంది.

మూలన చిన్న మట్టి గురిగి ఉంది. దాని నిండా జొన్నలున్నాయి.

అవి ఇంటివి కావు. ఆ పేటలో క్రైస్తవుల ఇళ్లలో ఏ పూట వండినా, ఎసట్లో గింజలు పోసే ముందు ఒక పిడికెడు తీసి గురిగిలో వేస్తారు. అవి అయ్యగారి గింజలు. పాస్టరుగారికి జీతమైనా బత్తెమైనా అవే. ఆయన చెప్పందే వాటిని ముట్టరాదు.

పాత అయ్యగారు పోయిన ఏడాది కాలం చేశారు. కొత్తాయన ఎమ్మిగనూరు నుంచి సైకిలు మీద వస్తారని కబురొచ్చింది. సైకిలూ రాలేదు, వానా రాలేదు. డెబ్బయ్యి రెండు కరువు అది. పేటలో సగం ఇళ్లవాళ్లు గురుగులు బోర్లించి, కూలి వెతుక్కుంటూ గుంటూరు వైపు సుగ్గికి పోయారు. సారమ్మ మొగుడు మద్దయ్య కూడా పోయాడు. పోయినవాడి నుంచి ఉలుకూ పలుకూ లేదు.

సారమ్మ మాత్రం ఇంట్లో చివరి జొన్నలు వండిన నాడు కూడా ముందు పిడికెడు గురిగిలో వేశాకే ఎసరు ముట్టింది.

ఆమెకు మిగిలిన ఆశ ఒక్కటే. అయ్యగారు వస్తారు. బిడ్డ తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తారు. బిడ్డ లేస్తుంది. ఆ రోజు ఆయనకు పెట్టడానికి ఇంట్లో గింజ ఉండాలి. అందుకే చెవులు రెండూ దారి మీద పడేసి, సైకిలు గంట కోసం కాచుకుని ఉంది.

పొద్దు వాలుతుండగా ఒక మనిషి వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

కాళ్లకు చెప్పుల్లేవు. తల మీద గోనెపట్ట, చంకలో మూట. ఆదోని పత్తిమిల్లుల్లో పని దొరక్క ఊళ్ల మీద పడ్డ కూలీ అనుకుంది సారమ్మ.

"తల్లీ, గుక్కెడు నీళ్లు."

నీళ్లకూ కరువే. అయినా చెంబు ఇచ్చింది. అతను తాగి, ఏదో చెప్పబోయి, మంచం వైపు చూసి ఆగిపోయాడు.

"బిడ్డ ఏమన్నా తిన్యాదా?"

"ఆకు పెడ్తాండా."

"ఆకు గాదమ్మా. గింజ."

సారమ్మ తల దించుకుంది. అతను మంచం దగ్గర కూచుని, జ్వరం చూస్తున్నట్టు బిడ్డ నుదుటి మీద చెయ్యి పెట్టాడు. చాలాసేపు తియ్యలేదు. లేచేటప్పుడు అతని చూపు గురిగి మీద పడింది.

"జొన్నలుండాయి గదమ్మా."

"అవి మా అయ్యగారివి. వచ్చిన్నాడు ముందు ఆయనకే వండి పెట్టల్ల."

"దంచి గంజి కాచి బిడ్డకు పొయ్యి. అయ్యగారు ఏమనడు."

సారమ్మ గురిగికి అడ్డంగా జరిగింది. ఆ మధ్యాహ్నమే ఆమె చెయ్యి గురిగి దాకా పోయి, నిప్పు తగిలినట్టు వెనక్కి వచ్చింది. తన మనసులో మాట ఇతని నోట్లోకి ఎట్లా వచ్చింది? ఎడారిలో ఆకలిగొన్న ప్రభువు దగ్గరికి శోధకుడైన సాతాను తిండి మాటతోనే వచ్చాడని పాత అయ్యగారు చెప్పేవారు.

"ఏమనడని చెప్పేదానికి నువ్వెవరు?"

అతను నోరు తెరిచాడు. గురిగి వైపు చూశాడు, బిడ్డ వైపు చూశాడు. తెరిచిన నోరు మూసుకున్నాడు.

"పో ఈడ్నుంచి. దేవుని గింజ మీదనే కన్నేసినావు."

"పోతాండా తల్లీ. నువ్వు మాత్రం గంజి కాచు."

తడబడే అడుగులతో దారి పట్టాడు. సారమ్మ తలుపు వేసుకుంది.

తెల్లవార్లూ గురిగిని ఒళ్లో పెట్టుకుని, బిడ్డ ఊపిరి వింటూ ప్రార్థించింది. తెల్లారేసరికి ఊపిరి ఇంకా ఆడుతోంది, గురిగి నిండుగానే ఉంది. శోధనలో గెలిచానని ఏడ్చింది.

ఆదివారం. బిడ్డను భుజాన వేసుకుని, గురిగి చంకన పెట్టుకుని చర్చికి పోయింది. చర్చి ముందర ఎద్దులబండి ఆగి ఉంది. బండిలో, గోనెపట్ట కప్పుకుని, నిన్నటి మనిషి. కదలిక లేదు.

"వంక కాడ తుమ్మచెట్టు కింద పడిండె," అంటున్నాడు బండి తోలుకొచ్చిన గోనెగండ్ల ఊరి దుర్గప్ప. "ఆకలి సావప్పా. మూటలో మీ దేవుని పుస్తకం ఉంటే ఈడికి తెచ్చినా."

సంఘపెద్ద తిక్కయ్య మూట విప్పాడు. నల్లట్ట బైబిలు. ఆరాధనలో ప్రభువు బల్ల దగ్గర పాస్టర్లు వాడే గిన్నె. వాటి అడుగున ఒక సైకిలు గంట.

"సైకిలు యాడుంది?" అన్నాడు తిక్కయ్య.

"మా ఊర్ల ఇచ్చేసినాడంట. దానికి జొన్నలు తీసుకోని పసిపిల్లోల్లకు గంజి కాయించినాడంట. తాను మాత్రం తాగల్యాదని మా ఆడోల్లు సెప్తాండారు."

తిక్కయ్య గంటను బైబిలు మీద పెట్టి, బండి పక్కనే నేల మీద కూచున్నాడు.

సారమ్మ చాలాసేపు ఆ గంటనే చూసింది. తర్వాత బిడ్డను తిక్కయ్య ఒళ్లో పడుకోబెట్టింది. చర్చి పక్కనున్న రోట్లో గురిగి బోర్లించి, రోకలి అందుకుంది.

"సారమ్మా, అవి అయ్యగారి గింజలమ్మా," అన్నాడు తిక్కయ్య. "ఆయప్ప సెప్పందే ముట్టగూడదు."

"సెప్పినారు మామా," అంది సారమ్మ, రోకలి ఎత్తుతూ. "నిన్న మాపటేళ మా ఇంటికొచ్చి, బిడ్డ నుదుట చెయ్యి పెట్టి, గంజి కాచి పొయ్యమని అయ్యగారే సెప్పిపోయినారు."