పాలు పడుతున్నాయా?

బాబు కక్కాడా అని ఆ మనిషి బాలింతను మళ్ళీ అడిగాడు.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల గది బయట, బెంచీ పక్కన నిలబడి అడుగుతాడు. పొట్ట ఉబ్బిందా, విరేచనం ఏ రంగులో అయింది, పాలు పట్టాక ముడుచుకుని ఏడుస్తున్నాడా అని.

చెప్పింది విని, తలాడించి, మెట్లెక్కి పైకి వెళ్ళిపోతాడు.

ఆసుపత్రి మనిషే అయి ఉంటాడని బాలింత మొదట్లో ఓపిగ్గానే జవాబు చెప్పింది.

ఆమెకు పాలు రాలేదు. డబ్బా పాలకు బాబు పొట్ట బిగిసి నీలుక్కుపోయాడు. తర్వాత నర్సమ్మ చిన్న సీసాలో ఏవో పాలు తెచ్చి, సన్నటి గొట్టంతో చుక్కచుక్కగా పట్టడం మొదలుపెట్టాకే కాస్త తేరుకున్నాడు.

అవి ఎక్కడివని ఆమె అడగలేదు. అడిగే ఓపికా లేదు.

చూడవచ్చిన ప్రతివాళ్ళదీ ఒకటే ప్రశ్న, పాలు వచ్చాయా అని. ఆడపడుచు అయితే, ఈ కాలం తల్లులకు అన్నీ వంకలే అని నవ్వి వెళ్ళింది.

ఆ మాట ఇంకా గుచ్చుకుంటుండగానే ఆ మనిషి వచ్చాడు.

"బాబుకు పాలు పడుతున్నాయామ్మా?"

బాబు ఆ రోజు ఒక్క చుక్క కక్కలేదు. హాయిగా నిద్రపోతున్నాడు.

"పడటం లేదు. తాగిందంతా కక్కేస్తున్నాడు. చాలా? ఇక నన్నేమీ అడక్కండి."

అతని ముఖం వాడిపోయింది. జాగ్రత్తమ్మా అని వెళ్ళిపోయాడు.

పీడ విరగడైందనుకుంది ఆమె.

మర్నాడు నర్సమ్మ మళ్ళీ డబ్బా పాలు కలిపి తెచ్చింది. బాబు కక్కాడు. మళ్ళీ కక్కాడు. పొట్ట రాయిలా బిగిసింది. పాలు ఆపేసి చేతికి సూది గుచ్చి సెలైన్ పెట్టారు.

ఆ పాత పాలే ఇప్పించమని బాలింత నర్సమ్మ చేతులు పట్టుకుంది.

"అవి ఎక్కడా దొరికేవి కావమ్మా. పై అంతస్తులో ఒకావిడ ఇచ్చేది. మీవాడికి పడితే ఇంటినుంచి కూడా పంపుతానంది. పడటం లేదని మీరే అన్నారట కదా. మమ్మల్ని ఒక్క మాటైనా అడక్కుండా, తన పాలవల్లే పసివాడు బాధపడ్డాడని ఏడ్చి, పాలు ఆగిపోయే మాత్ర వేసుకుని వెళ్ళిపోయింది."



అయితే రోజూ వచ్చి అడిగినాయన మీ ఆసుపత్రి ఉద్యోగి కాదా అంది బాలింత.

పుట్టిన రోజే పోయిన బిడ్డను మట్టిలో పెట్టి వచ్చి, భార్య పాలు వేరే బిడ్డనైనా నిలబెడుతున్నాయో లేదో తెలుసుకుని ఆమెకు చెబుదామని మెట్లు దిగి వచ్చే తండ్రి అతనని నర్సమ్మ మెల్లగా చెప్పింది.